రోగి యడుగవలసిన మాట

వేయిమందిని చంపినగాని వైద్యుడు కాడను సామెత తెలుగునాట నెరుగనివారుండరు. పెండ్లిపందిళ్లలో, రైలుబండ్లలో, ఒక్కొక్కప్పుడు వైద్యుల యెదుటనే యీ మాట యనుకొని నవ్వుకొనుట మనకు వాడుక. నవ్వినవారిలో నొక్కరైనను ఆ వేయిమంది యెవరని యడుగగా మేము వినలేదు. వారు మనవారే: ఒకరి తల్లి, ఒకరి బిడ్డ, ఒకరి తోబుట్టువు. సామెతలో వారికి లెక్కయే గాని పేరు లేదు. వైద్యుడు సాక్షాత్తు నారాయణుడని చెప్పువారును మనవారే. ఒక మాట నవ్వుటకు, మరియొక మాట మ్రొక్కుటకు. ఈ రెంటి నడుమ రోగి నోరు మెదపక మంచముపై పరుండి యున్నాడు. దేవుని ప్రశ్నింపరాదు గనుక అడుగడు. యముని ప్రశ్నించి ప్రయోజనము లేదు గనుక అడుగడు. వైద్యుడు దేవుడును గాడు, యముడును గాడు. చదివి, పరీక్షలు నెగ్గి, జీతమో రుసుమో పుచ్చుకొని పనిచేయువాడు; అలసటయు మరపును గలవాడు; మనవంటి మనుష్యుడు. ఈ సంగతి తెలిసినగాని రోగికి నోరు రాదు. రోగి నోరు తెరచుట వైద్యుని కవమానమా, ఉభయులకును రక్షయా యనునదే మా విచారణ.

మేము గన్నవరమున కాపురమున్నవారము. చెన్నపట్టణమునుండి కలకత్తాకు బోవు రాజమార్గము మా యూరి మీదుగనే పోవును. విమానములు దిగు తావును మా యూరనే. విజయవాడ దిక్కుగా బస్సెక్కినచో సూర్యారావుపేటకు జేరుట యెంతో సేపు గాదు. ఆ పేటలో గుండెకు, ఎముకకు, కంటికి, కడుపునకు వేర్వేరు వైద్యశాలలు బారులు దీరియుండును. ఏలూరు దిక్కుగా బోయినచో చిన్నఅవుటపల్లిలో వైద్య కళాశాలయు, దానితోడి పెద్ద ఆసుపత్రియు గలవు. పశువులకైతే మా యూరనే పశువైద్య కళాశాల గలదు. ఇన్ని యున్నను చుట్టుపట్ల పల్లెలలో జ్వరము వచ్చినవాడు మొట్టమొదట పిలుచునది ఆరెంపీ డాక్టరును. ఆ మూడక్షరములకు రిజిస్టరైన వైద్యుడని యర్థము. ఆ పేరు పెట్టుకొన్నవారిలో పెక్కుమంది యే వైద్యమండలి పట్టికలోను లేనివారు. ఒక డాక్టరు కడ కొంతకాలము కట్లు కట్టుట, సూదులు వేయుట నేర్చి, ఊరికి మరలివచ్చి, మోటారు సైకిలుకు సంచి తగిలించుకొని యింటింటికి దిరుగువారు. అర్ధరాత్రి పిలిచినను పలుకుదురు. సొమ్ము లేదన్నచో పంట వచ్చినపుడిమ్మందురు. పట్టణపు వైద్యుడు రాని తావునకు, రాని వేళకు, వారు వత్తురు. వారిని దూషించుట సులభము. వారు లేనినాటి లోటును బూరించుట సులభము గాదు.

మా మేనత్త యొకతె మాకు రెండు కోసుల దూరమున నొక పల్లెలో నుండెడిది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆ యూరి ఆరెంపీ వారమునకొక సూది వేయుచుండెను. “ఏం పరవాలేదు మామ్మగారూ, చిన్న సూది, రేపటికల్లా లేచి తిరుగుతారు” అని యతడనుటయు, ఆమె నిజముగనే లేచి తిరుగుటయు జరుగుచుండెను. ఒకనాడు సూది గ్రుచ్చినంతనే పిరుదునుండి మడమవరకు మెరుపు పారినట్లయ్యెనట. ఆమె కేకవేసెను. “కాస్త నరం లాగింది, సర్దుకుంటుంది” అని యతడనెను. మరునాడు పాదము పైకి లేవలేదు. చెప్పు కాలినుండి జారిపోవుచుండెను. గడప దాటబోయి, వ్రేళ్లు తగులుకొని పడెను. విజయవాడలో నరముల వైద్యుడు చూచి, సూది తగులరాని తావున దగిలి కాలి పెద్దనరము చెడినదని చెప్పెను. పిరుదున సూది వేయవలసివచ్చినపుడు దానిని నాలుగు భాగములుగా నెంచుకొని, పైని వెలుపలివైపున నుండు భాగముననే వేయవలయునని వైద్యవిద్యార్థులకు నేర్పుదురు. పెద్దనరము పోవు త్రోవ ఆ భాగమునకు దూరముగా నుండుటయే యిందుకు గారణము.

“ఏ మందు వేశారు?” అని నరముల వైద్యుడు మమ్మడిగెను. మాలో నొక్కరికిని దెలియదు. చీటి లేదు. సీసా యే చెత్తకుప్పలోనికో పోయినది. ఎన్ని సూదులు, ఎన్ని వారములు, ఏ వైపున ననుటకు మా మేనత్త జ్ఞాపకము తప్ప మరియొక సాక్ష్యము లేకపోయెను. ఇంటికి వచ్చినపిమ్మట మాలో కొందరు ఆ యారెంపీని నిలదీయవలెననిరి. ఆమె వారించెను. “నాయనా, మీ మామయ్య పోయిన రాత్రి తెల్లవార్లూ వాడే నా గుమ్మంలో కూర్చున్నాడు. వాణ్ణేమీ అనకండి” అనెను. ఆమె మాట మేము దాటలేదు. పోవువరకు ఆమె చేతికర్ర విడువలేదు.

ఈ కథలో దుర్మార్గుడెవడును లేడు. అందువలననే దీనినిచట జెప్పితిమి. వైద్యమువలన గలుగు హాని యనగానే లోభియగు వైద్యుడొకడు మన కన్నులకు గట్టును. కాని మంచితనము వేరు, నేర్పు వేరు. గుమ్మములో తెల్లవార్లు గూర్చుండినవాని ఋణము తీరునది గాదు. ఆ ఋణము చూపి, సూదిలో నేమున్నదని యడుగుట మానరాదు. కాంబోడియా దేశమున రోకా యను గ్రామములో గూడ నిట్టి వైద్యుడే యుండెను. చదువులేదు, అనుమతిపత్రము లేదు, ఊరివారందరికిని ప్రియుడు. ఒకరికి వాడిన సూదినే మరియొకరికి వాడుటవలన ఇన్నూరుమందికి పైగా హెచ్.ఐ.వి. సోకినట్లు 2014 చివర బయటపడెను. మరుసటి సంవత్సరము ఆ దేశపు న్యాయస్థానమతనికి 25 ఏండ్ల కారాగారము విధించెను. క్రొత్త సూదిపై కాగితపు తొడుగు తన యెదుటనే విప్పుమని యడిగిన రోగి వైద్యుని బ్రేమను శంకించినవాడు గాడు.

చదువులేనివాని సంగతి యట్లుండగా, ఒక చదువు చదివి మరియొక చదువుయొక్క మందులిచ్చువారిని గూర్చి సుప్రీముకోర్టు 1996లో నొక తీర్పు చెప్పినది. బొంబాయిలో హోమియో వైద్యము చదివినవాడొకడు జ్వరరోగికి అల్లోపతి మందులిచ్చెను, రోగి మరణించెను. తనకు దెలియని పద్ధతిలో చికిత్సకు బూనుకొనుటయే యజాగ్రత్తయని, వేరుగా నిరూపణ మక్కరలేదని న్యాయస్థానము తేల్చెను. కావున రోగి మొదటి ప్రశ్న యిదియే కావలయును: తాము చదివినదేమి? గోడమీద వ్రేలాడు పట్టా చూపుటకు సిగ్గుపడు వైద్యుడు సాధారణముగా నుండడు.

పట్టా యున్నంత మాత్రమున భయము తీరిపోవునా? తీరదు. మన తెలుగుదేశముననే, పంజాగుట్టలోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో 1990 అక్టోబరు 23వ తేదీన నొక శస్త్రచికిత్స జరిగెను. రోగి యిరువదేండ్ల ఇంజనీరింగు విద్యార్థి. రొమ్ములో నొక గడ్డ యున్నదని, దానినుండి ముక్క తీసి పరీక్షింపవలెనని సంతకము తీసికొనిరి. బల్లపై పరుండబెట్టినపిమ్మట గడ్డ నంతటిని దీసివేసిరి. వెన్నెముక సమీపమున జరుగు పనికి నరముల శస్త్రవైద్యుని దోడు చేసికొనలేదు. నడచి లోనికి బోయిన యువకునికి కాళ్లు రెండును జచ్చిపోయెను. జాతీయ వినియోగదారుల కమిషను 1999లో పదునైదున్నర లక్షల రూపాయల పరిహారము నిర్ణయించెను. ఇరుపక్షములవారును సుప్రీముకోర్టునకు బోయిరి. అచట ఆ యువకుడు చక్రముల కుర్చీలో గూర్చుండి తన వాదమును దానే వినిపించెను. 2009 మే 14వ తేదీన న్యాయస్థానము పరిహారమును కోటి రూపాయలకు హెచ్చించి, వడ్డీతో నిప్పించెను. ముక్క తీయుటకిచ్చిన సమ్మతి గడ్డ తీయుటకు జెల్లదని చెప్పెను. కత్తి పెట్టిననాటికి ఆ తీర్పు పదునెనిమిదిన్నర యేండ్ల దూరమున నున్నది. కోటి రూపాయలు పెద్ద సొమ్మే. దానితో కాళ్లు రావు.

సమ్మతిని గూర్చి యొకింత విపులముగా జెప్పవలసియున్నది. ఏలయన మనవారు తమ స్వాతంత్ర్యమును ధారవోయు తావదియే. పట్టణపు ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకు నర్సమ్మ కాగితముల కట్ట తెచ్చును. అది యింగ్లీషున నుండును. ఖాళీలు పూరింపబడియుండవు. “ఇక్కడొకటి, ఇక్కడొకటి సంతకం పెట్టండి, త్వరగా” అనును. పెద్దకొడుకు పెట్టును. లోపల పరుండినది తల్లి. ఆమెకు దెలివి యున్నను ఆమె నడిగినవారు లేరు. ఇట్టి సంతకము సమ్మతి గాదని 2008 జనవరి 16వ తేదీన ఢిల్లీ వైద్యురాలి నొకతెను గూర్చిన కేసులో సుప్రీముకోర్టు విశదముగా జెప్పినది. అందొక అవివాహిత పరీక్షకొరకు మత్తుమందు పుచ్చుకొనెను. ఆమెకు దెలివిలేని సమయమున బయటనున్న తల్లి సమ్మతి దీసికొని గర్భాశయమును, అండాశయములను దొలగించిరి. ప్రాణాపాయము లేనపుడు, మేల్కొన్న పిమ్మట రోగినే యడిగి చేయదగిన పనిని, తల్లి సంతకముతో జేయరాదని తీర్పు. ఏ చికిత్స, ఏల, దానివలని మేలెంత, అపాయమేమి, వేరు మార్గము గలదా, చేయకున్న నేమగును: ఇవి చెప్పిన పిమ్మట నిచ్చినదే సమ్మతి. ఈ యారు మాటలును తెలుగున నడుగవచ్చును. దీనికి చట్టము చదువనక్కరలేదు. అడుగనిదే యమ్మయైనను బెట్టదన్న సామెత వంటింటికే గాదు, ఆసుపత్రికిని జెందును. వీనికి మేమొక మాట చేర్చుచున్నాము: కత్తి పట్టునదెవరు, మత్తు ఇచ్చునదెవరు? బోర్డుమీద నొక పేరు, బల్లకడ వేరొక చేయి యుండుట రోగి తెలిసికొనవలసిన విషయమే గదా.

అడిగినను బదులు రానిచో నేమి చేయవలెనందురు. హైదరాబాదులో నొకయిల్లాలికి 2002 జూలైలో చలితో కూడిన జ్వరము విడిచి విడిచి వచ్చుచుండెను. భర్త ఆమెను ప్రైవేటు ఆసుపత్రిలో జేర్చెను. విచిత్రమేమనగా ఆయన మలేరియా శాఖలో నుద్యోగి. ఆసుపత్రివారు టైఫాయిడునకు మందులిచ్చిరి; రోగము మలేరియా. వేరొక ఆసుపత్రికి జేర్చునప్పటికి మించిపోయెను. జిల్లా ఫోరమాయనకు రెండు లక్షల రూపాయలు నిప్పించెను. నిపుణుడగు వైద్యుడు సాక్ష్యము చెప్పలేదను కారణమున రాష్ట్ర కమిషను దానిని గొట్టివేసెను. జాతీయ కమిషనును అట్లే చేసెను. 2010 మార్చి 8వ తేదీన సుప్రీముకోర్టు మొదటి తీర్పును నిలబెట్టి, ప్రతి కేసులోను నిపుణుని సాక్ష్యము కావలెనను నియమము లేదని, సంగతి తనంత దాను చెప్పుచున్నపుడు వేరు సాక్షి యెందులకని యనెను. సామాన్యునికిది గొప్ప తలుపు తెరచినట్లు. తోడి వైద్యునిపై సాక్ష్యము చెప్పుటకు వైద్యుడు దొరకుట యెంత కష్టమో ప్రయత్నించినవారెరుగుదురు. అయినను సంగతి తనంత దాను మాటలాడవలెనన్న నది కాగితముపై నుండవలయును. పరీక్షల ఫలితములు, ఇచ్చిన మందుల పట్టిక, ఉష్ణోగ్రత వ్రాసిన పత్రము భద్రపరచియుండుటచేతనే అట్టి కేసులు నిలుచును. మా మేనత్త కాలికి సాక్ష్యము చెప్పగల కాగిత మొక్కటియు లేకపోయెను.

ఒక్కని ప్రశ్నకు లొంగని యపాయములును గలవు. విజయవాడ దంపతులకు బుట్టిన పసికందును శస్త్రచికిత్సకై గుంటూరు సర్కారు ఆసుపత్రికి జేర్చిరి. 2015 ఆగస్టులో ఎలుకలు కొరికి ఆ బిడ్డ మరణించెను. 2020 ఆగస్టు 9వ తేదీ తెల్లవారుజామున విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటలులో నగ్నిప్రమాదము గలిగెను, కోవిడు చికిత్సాకేంద్రముగా నుపయోగించుచున్న భవనమది, పదిమంది చనిపోయిరి. 2022 ఆగస్టులో తెలంగాణమునందలి ఇబ్రహీంపట్నములో (కృష్ణయొడ్డుననున్న మన ఇబ్రహీంపట్నము గాదు) ఒకేదినమున 34 మంది స్త్రీలకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జేసిరి. వారిలో నలుగురు క్రిమిదోషమున మరణించిరి. ఊయలలోని బిడ్డ యేమి యడుగగలదు? ఊపిరాడని కోవిడు రోగి మెట్లెచటనున్నవని యడుగగలడా? ఇట్టివి వైద్యుని తప్పులని మాత్రమే చెప్ప వీలులేదు. ఎలుకల బట్టువాని తప్పు, విద్యుత్తు చూచువాని తప్పు, ఒకేదినమున లెక్క బూర్తిచేయుమను నధికారి తొందర, ఇన్నియు నందు గలసియుండవచ్చును. ఇచట రోగికి బదులుగా నూరడుగవలయును. ఆసుపత్రికి అగ్నిమాపక శాఖ పత్రమున్నదా, పరికరములను శుద్ధిచేయు ఏర్పాటున్నదా యని పౌరులడుగుట రాజకీయము గాదు. తమ పిల్లల ప్రాణముల లెక్క చూచుకొనుట.

ఇట్లు ప్రశ్నించుట పరదేశపు నాగరికతయని, మన పూర్వులు వైద్యుని మాటకు తలయొగ్గెడివారని కొందరందురు. వారు గ్రంథములు చూడలేదు. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున తప్పుడు చికిత్స చేయు వైద్యులకు దండనము గలదు: పశువుల విషయమున ప్రథమ దండము, మనుష్యుల విషయమున మధ్యమ దండము. కౌటిల్యుని యర్థశాస్త్రము నాలుగవ యధికరణము మరియు నిశితము. ప్రాణభయముగల వ్యాధికి దెలుపవలసినవారికి దెలుపక చికిత్సచేయగా రోగి మరణించినచో ప్రథమ సాహస దండము. చికిత్సాదోషమున మరణించినచో మధ్యమ దండము. వైద్యుడు ముందుగా దెలుపవలయునన్న నియమము, తప్పునకు బదులు చెప్పవలయునన్న నియమము, రెండును మనవే. మనము మరచినది మ్రొక్కుట గాదు, అడుగుట.

పశ్చిమదేశములవారును సుఖముగా నేర్చుకొనలేదు. 1847లో వియన్నా ప్రసూతిశాలలో సెమ్మెల్వైసను వైద్యుడు, శవములను గోసిన చేతులతోనే పురుళ్లు పోయుటవలన తల్లులు చచ్చుచున్నారని కనిపెట్టి, క్లోరినుగల సున్నపు నీట చేతులు కడుగుకొనుమనెను. మరణములు చప్పున దగ్గెను. మాన్యుల చేతులు మలినములనుట తగదని తోడివారాతనిని పరిహసించిరి. 1999లో అమెరికా వైద్యసంస్థ యొకటి, తమ దేశపు ఆసుపత్రులలో పొరపాట్లవలన నేటేట 44 వేలకు దక్కువగాక, 98 వేలవరకు రోగులు మరణించుచుండవచ్చునని నివేదిక ప్రకటించెను. అటుపిమ్మట ప్రపంచ ఆరోగ్యసంస్థ శస్త్రచికిత్సకు ముందు చదువవలసిన చిన్న పట్టిక నొకదానిని సిద్ధపరచెను. ఢిల్లీతో సహా ఎనిమిది నగరములలో దానిని వాడిచూడగా మరణములు నూటికొకటిన్నరనుండి ఒకటికి దక్కువగా దిగినట్లు 2009లో ప్రకటించిరి. ఆ పట్టికలో మొదటి పంక్తి యేమో చదువరులూహింపగలరా? మత్తు ఇచ్చుటకు ముందు రోగినే యడుగవలయును: నీ పేరేమి, నీకు చేయబోవునదేమి, ఏ వైపున? ప్రపంచములోని శస్త్రవైద్యులందరు గూడి కనిపెట్టిన రక్ష రోగిచేత మాటలాడించుటతోనే మొదలగుచున్నది.

ఇక వైద్యుల పక్షమున జెప్పవలసినది చెప్పక విడుచుట ధర్మము గాదు. రోగి మరణించిన ప్రతిచోటను వైద్యుడు తప్పు చేసియుండడు. ఎంత నేర్పరి చేసినను నూటికింతమందికి రక్తస్రావమగును, ఇంతమందికి మందు పడదు. ఇవి వ్యాధియొక్కయు దేహముయొక్కయు స్వభావములు. సాధారణమైన నేర్పును శ్రద్ధయును చూపెనా లేదా యనుటయే కొలత. రోగి బ్రదికెనా లేదా యనుట కొలత గాదు. 2005 ఆగస్టులో సుప్రీముకోర్టు, వేరొక వైద్యుని నిష్పక్షపాతమైన యభిప్రాయము తీసికొనక వైద్యునిపై క్రిమినలు నేరము నడుపరాదని, ఊరక నిర్బంధింపరాదని కట్టడి చేసెను. అయినను శవమును ఆసుపత్రి గుమ్మమున నుంచి, అద్దములు పగులగొట్టి, నర్సులను గొట్టి, పెద్దమనుష్యుల నడుమ సొమ్ము బేరమాడు దురాచారము మన జిల్లాలలో వ్యాపించియున్నది. దానిని వారించుటకు 2008లో ఆంధ్రప్రదేశమున వేరొక చట్టమే చేయవలసివచ్చెను. 2022 మార్చిలో రాజస్థానమునందు దౌసా జిల్లాలో, పురుటి రక్తస్రావమున తల్లి మరణింపగా, వైద్యురాలిపై హత్యానేరము మోపిరి; ఆమె యాత్మహత్య చేసికొనెను. అడుగవలసిననాడు నోరు మూసికొని, అంతయు ముగిసిననాడు చేయి యెత్తుట మన జాడ్యము. ఈ రెండును వేర్వేరు గావు. అడుగని మాటయే తుదకు రాయియై లేచుచున్నది.

రాయికంటె గట్టి సాధనములు గలవు. అడిగిన 72 గంటలలోపల చికిత్సకు సంబంధించిన పత్రములు ఈయవలయునని, వానిని మూడేండ్లు దాచియుంచవలయునని, 2002నాటి వైద్యవృత్తి నియమావళి. మందుల పేర్లు స్పష్టముగా, వీలైనంతవరకు పెద్దయక్షరములతో, అసలు పేరున వ్రాయవలయునని 2016లో జేసిన సవరణ. సొమ్మిచ్చి పొందిన వైద్యము వినియోగదారుల చట్టమునకు లోబడునని 1995 నవంబరు 13వ తేదీన సుప్రీముకోర్టు నిర్ణయించెను. 2019నాటి క్రొత్త చట్టము ననుసరించి రోగి తాను నివసించు జిల్లా కమిషనులోనే యర్జీ పెట్టుకొనవచ్చును, చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు మించనిచో రుసుము లేదు, గడువు రెండేండ్లు. అందరికిని ఉచితముగా వైద్యముచేయు సర్కారు ఆసుపత్రి యా చట్టమునకు లోబడదు గాని, దానికిని బాధ్యత లేకపోలేదు. 1963లో ఔరంగాబాదు సర్కారు ఆసుపత్రిలో నొక బాలింతరాలి కడుపులో గుడ్డను మరచి కుట్టివేసిరి, ఆమె మరణించెను. ఆ తప్పునకు ప్రభుత్వమే బదులు చెప్పవలయునని 1996లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. తప్పునకు తీర్పునకు నడుమ 33 ఏండ్లు. ఈ లెక్క చూచినవారెవరును న్యాయస్థానమును మొదటి యాశ్రయముగా నెంచరు. అది చేతులు కాలినపిమ్మట బట్టు ఆకు. కాలకుండ జూచుకొనుట మన చేతిలో నున్నది.

అందులకు మేము చెప్పదలచిన పద్ధతి చాల స్వల్పమైనది. ఇంటికొక నోటుపుస్తకముండవలయును. అందు ప్రతివారి పేరున, పడని మందులు, వాడుచున్న మందులు, పూర్వము జరిగిన శస్త్రచికిత్సలు, వేసిన ప్రతి సూది పేరు, తేదీ వ్రాయవలయును. సూది వేయువానిచేతనే సీసా పేరు చదివించుకొని వ్రాసికొనుట మేలు. చాకలిపద్దును, పాలపద్దును దప్పక వ్రాసెడి మన గృహిణులకిది భారము గాదు. వైద్యుని కడకు రోగి యొంటరిగా బోరాదు. చదువు వచ్చినవా రొకరు తోడుండవలయును. అట్టివారు లేని యిండ్ల మాటయో? విజయవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసెను. చదువురానివానికి గూడ గ్రంథాలయము చెందునని ఆ యుద్యమమువారు పల్లెపల్లెకు దిరిగి చెప్పిరి. ఇప్పటి గ్రామ గ్రంథాలయములలో వారమున కొకసారి యొక బల్ల వేసి, కళాశాలలో చదువు మన పిల్లలు నలుగురు గూర్చుండి, ఊరివారి ఆసుపత్రి కాగితములు చదివి తెలుగున జెప్పినచో తప్పేమి? వారు వైద్యము చేయనక్కరలేదు, వ్యాజ్యము నడుపనక్కరలేదు. “ఈ కాగితంలో ఇది రాసి ఉంది పిన్నిగారూ, ఈ మాట డాక్టరుగారిని అడగండి” అన్న జాలును.

మంచి వైద్యుడీ ప్రశ్నకు గోపగింపడు. ఇరువది నిమిషములలో ముప్పదిమందిని జూడవలసివచ్చి విసిగికొనినను, మరునాడాలోచించుకొని సంతోషించును. ఏలయన రోగి చెప్పిన యొక్క మాట, పడని మందు పేరో, వేరొక వైద్యుడిచ్చిన మాత్ర పేరో, ఆయన చేయిని తప్పునుండి కాపాడియుండవచ్చును. అడిగినందులకు గోపించి పంపివేయు వైద్యుడు దొరికినచో, సూర్యారావుపేటలో మరియొక గుమ్మము లేకపోలేదు. పల్లెలో సూది పట్టుకొని వచ్చినవాడు మంచివాడైనను, మన యింటివాడైనను, సూది గ్రుచ్చుటకు ముందే యడుగుడు: బాబూ, ఇది యేమి మందు?